మూరెడు ఎక్కువైన గోడ: పాతపట్నం నుంచి విజయనగరానికి ఇనుప దూలాల బేరం

ఇనుప దూలాలతో షెడ్డుకి కప్పు వేయిస్తే ఎంతవుతుందని పాతపట్నంలో అడిగితే అందరూ ఇనుము ధర ఒక్కటే చెప్తారు. ఆ మాట పట్టుకుని మా బావ సింహాచలం తన ధాన్యం మిల్లుకి గోడలు లేపేశాడు. ఆయన మా అక్క భర్త. అక్క జ్వరంతో పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి సేద్యం మీద మనసు పోయి, అరెకరం అమ్మి మిల్లు పెడతానన్నాడు. లోపల బెల్టులు తిరగాలి కనుక నడుమ స్తంభాలు పనికిరావు. ముప్పై అడుగుల వెడల్పుకి నిలిచే కర్ర మా వైపు దొరకదు. అందుకని ఇనుము. యంత్రం కార్తీకంలో వస్తుంది. ఆలోగా కప్పు పడకపోతే ఈ పంట ధాన్యమంతా పక్క ఊరి మిల్లుకి పోతుంది, అమ్మిన అరెకరానికి అర్థం ఉండదు. బావ చేతిలో ఉన్నది రెండువేల ఎనిమిది వందలు. లెక్కలు రాసే అలవాటు నాకుంది కనుక తోడు రమ్మన్నాడు. పందొమ్మిది వందల అరవై ఎనిమిది భాద్రపదంలో ఒక బుధవారం బయల్దేరాం.

మా ఊరి నుంచి విజయనగరం వెళ్ళాలంటే పొద్దున్నే చిన్న రైలెక్కి నౌపడ వెళ్ళి, అక్కడ వాల్తేరు పాసింజరు పట్టుకోవాలి. చిన్న రైలుకి మనిషికి రూపాయి లోపే అయింది, పెద్ద రైలుకి మూడు రూపాయలు దాటింది. నౌపడలో గంటన్నర కూర్చోవాలి. ఇడ్లీలు ఇంటి నుంచి తెచ్చుకుంటే మంచిది, అక్కడ టీ తప్ప ఏమీ నమ్మకంగా దొరకదు. ఆ రోజు ఆకాశం కిందికి దిగినట్టు ఉంది. బొగ్గు పొగ పైకి పోకుండా పెట్టెల్లోకే వచ్చింది. వంశధార దాటాం, దూసి దగ్గర నాగావళి దాటాం, రెండూ ఎర్రగా పారుతున్నాయి. బావ కిటికీ పక్క కూర్చుని ముడులు వేసిన కొలత తాడుని ఒళ్ళో పెట్టుకుని తడుముతున్నాడు. ఆయన మాట్లాడలేదు, నేనూ కదపలేదు. మా ఇద్దరికీ అది మామూలే.

విజయనగరంలో దిగేసరికి పన్నెండు దాటింది. కంటోన్మెంటు వైపు ఇనుప పని షెడ్లు ఉన్నాయి. రిక్షావాడు అర్ధరూపాయి అడిగాడు, బేరమాడకుండా ఎక్కాం. మేస్త్రి పేరు అప్పన్న. మనిషి నల్లగా, పొట్టిగా ఉన్నాడు, వెల్డింగు వెలుగుకి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. షెడ్డు నేలంతా సిమెంటు. దాని మీద సుద్దతో ఒక దూలం బొమ్మ అసలు కొలతకి గీసి ఉంది, ఇంటి మొగం అంత త్రికోణం, లోపల అడ్డగీతలు. గీతల వెంట ఇనుప మేకులు దిగగొట్టి ఉన్నాయి.

"తొక్కకండి బాబూ, అది సెరిగిపోతే పొద్దుటేల పనంతా పోతాది," అన్నాడు అప్పన్న.

మాకు ఆరు దూలాలు కావాలని చెప్పాను. ఒక్కొక్కటి రెండు వందల యాభై కిలోల వరకు తూగుతుందని, మొత్తం టన్నున్నర అని ఆయన నోటితోనే లెక్క వేశాడు. ఇనుము పదిహేను వందలు. బావ మొహం తేటపడింది. ఆయన ఇంటి దగ్గర అనుకున్నదీ అంతే.

"అది కొట్లో ఇనుం ధర మావా. ఇనుం తనంతట తాను దూలమైపోద్దా ఏటి?" అని అప్పన్న నవ్వి మిగిలినవి చెప్పుకుపోయాడు. కోతలో ముక్కలు పోతాయి, ఆ తరుగుకి వంద. కొయ్యడం, బెజ్జాలు వెయ్యడం, అతకడం టన్నుకి నాలుగు వందల చొప్పున ఆరు వందలు. ఎర్రరంగుకి అరవై. ముప్పై అడుగుల దూలం చిన్న రైలు పెట్టెలో పట్టదు, లారీయే కావాలి, దానికి రెండు వందలు. మనుషులు, గొలుసుకప్పీ వచ్చి గోడ మీదికి ఎత్తి బిగించడానికి ఇంకో రెండు వందలు. కూడితే రెండువేల ఆరు వందల అరవై. కప్పు రేకులూ, వాటి కింద అడ్డకర్రలూ బావ ముందే కొని ఉంచాడు కనుక ఇంకా నూట నలభై మిగులుతుంది. ఇనుము ధరలో ముప్పాతిక వంతు పై ఖర్చు ఉంటుందని ఆ పూట నాకు తెలిసింది.

బావ తాడు విప్పి పడమటి చివర వెడల్పు చూపించాడు. అప్పన్న టేపు పెట్టి కొలుచుకున్నాడు.

"రెండు సివర్లా ఇదేనా?"

బావ తాడులో ఇంకో ముడి పట్టుకున్నాడు. "తూర్పు సివర మూరెడు ఎక్కువున్నాది."

అప్పన్న టేపు వదిలేశాడు. "మూరెడా! ఏటి మావా, గోడ కట్టినోడు కల్లు తాగి కట్టినాడా?"

"నేనే కట్టించినాను."

అప్పన్న నేల మీది సుద్దగీతల్ని కాలితో చూపించాడు. "ఒక బొమ్మ గీసి, ఆరు దూలాలూ దీని మీదే పరిసి అతికిస్తాను. అందుకే నాకా కూలి గిట్టుబాటు. కర్రయితే వడ్రంగి అక్కడికక్కడే కోసేసుకుంటాడు. మీ గోడకి ఏ దూలం కొలత దానిదే. ఆరు బొమ్మలు, ఆరుసార్లు మేకులు. దూలానికి అరవై ఎక్కువేసుకో."

మూడువేల ఇరవై. చేతిలో లేని డబ్బు.

"ఉత్తరం గోడ పీకి తిన్నగా పెట్టేయ్ మావా. నాల్రోజుల పని."

"గోడ మీద సెయ్యి ఎయ్యను," అన్నాడు బావ. గొంతు పెద్దది కాలేదు. ఎవరితోనూ కానట్టు, తాడు వైపు చూస్తూ అన్నాడు: "మా ఇంటికి ఈశాన్యం కోసుకుపోయినాది. ఇంటి ముందు ఈది వంపుందని మా పెద్దలు అలాగ కట్టేసినారు. ఆవిడ పోయినాక వచ్చినోల్లందరూ ఆ మూలే సూపించినారు. దీనికి కోత పడకూడదని మూరెడు పెంచినాను."

ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ ఎత్తలేదు. ఇల్లు కారణమని నేను నమ్మను. ఆ సంగతి అక్కడ చెప్పవలసినది కాదు. అప్పన్న కూడా తల గోక్కుని, "బోంచేసి రండి మావా," అని మాత్రం అన్నాడు.

స్టేషన్ దారిలో ఒక భోజనం హోటలుంది, మనిషికి రూపాయి పావలా, వంకాయ కూర బాగుంటుంది. వడ్డించే ముసలాయన మమ్మల్ని చూడగానే అడిగాడు: "ఇనుప షెడ్డు నుంచేనా? అక్కడికి ఎల్లేటప్పుడు వచ్చినోల్లు మారన్నం అడుగుతారు. ధర ఇని వచ్చేటప్పుడు వచ్చినోల్లు మజ్జిగ తాగి లేచిపోతారు." బావకి నవ్వు రాలేదు. అన్నం సగం వదిలేసి చెయ్యి కడుక్కుని వచ్చి, నా పక్కన నిలబడి, "ఒరే సూరీ, కప్పు తిన్నగా పెట్టించేద్దాం," అన్నాడు.

మళ్ళీ షెడ్డుకి నడిచాం. ఉత్తరం గోడకి లోపలి పక్క, దక్షిణం గోడకి సమదూరంలో, ఆరు ఇటుక దిమ్మలు కడతానని బావ చెప్పాడు. ఇటుకలు మిగిలే ఉన్నాయి. ఆరు దూలాలూ ఒకే కొలత. గోడ ఉన్నచోటే ఉంటుంది.

"మరి దిమ్మలకీ గోడకీ మద్దిన సందు? దాని మీద కప్పుండదు. ఆ మూల తడిసిపోద్ది మావా."

"తడవనీ. తూము ఎట్టుకుంటాను."

అప్పన్న ఇంక వాదించలేదు. ఐదు వందలు బయానా తీసుకుని, సుద్దముక్క బావ చేతికిచ్చి, కొలత ఆయన చేతే తన షెడ్డు గోడ మీద రాయించుకున్నాడు. సాయంత్రం పాసింజరుకి నౌపడ చేరి సత్రంలో పడుకున్నాం. మర్నాడు చిన్న రైలు. ఇద్దరికీ దారి ఖర్చు, తిండి, రిక్షా అన్నీ కలిపి ఇరవై రూపాయలు కాలేదు.

కార్తీకానికి ముందే దూలాలు వచ్చాయి, చెప్పిన రోజుకి ఎక్కాయి. మిల్లు ఆడుతోంది. మొన్న ముసురు పట్టినప్పుడు ధాన్యం బస్తాలు లెక్కపెట్టడానికి వెళ్ళాను. తూర్పు చివర దిమ్మల వెనక, గోడకీ కప్పు అంచుకీ మధ్య వాన సన్నని తెరలా దిగుతోంది. పడమటికి వచ్చేకొద్దీ సందు సన్నబడి గోడలో కలిసిపోతుంది. ఆ మూల బావ ఏమీ పెట్టనివ్వడు, చీపురు కూడా. యంత్రం ఆపాక బస్తా మీద కూర్చుని అటే చూస్తుంటాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఈ పని మీద విజయనగరం వెళ్ళేవారికి చెప్పేది ఒకటే. ధర ఎప్పుడూ గోడ మీదికి ఎత్తి బిగించేదాకా ఎంతో అడగండి, బయల్దేరే ముందు వెడల్పు రెండు చివరలా, నడుమా కొలవండి. తేడా కనిపిస్తే ఎందుకు వచ్చిందో పక్కన కూర్చున్న మనిషిని రైల్లోనే అడగండి. మాకు నౌపడ నుంచి విజయనగరం దాకా అడిగేంత తీరిక ఉండింది.