మా ఆడపడుచు మళ్ళీ బయట కూర్చుంది

మా ఆడపడుచు పోయిన కబురు పొద్దున్నే ఫోనులో తెలిసింది. తునిలో ఉన్న మేనల్లుడు "అత్తయ్యా, అమ్మ వెళ్ళిపోయిందండి" అని ఫోను పెట్టేశాడు. నేను రాజమండ్రిలో రైలెక్కి వెళ్ళేసరికి వీధరుగు మీద కూర్చున్న బంధువులకు జబ్బు సంగతి చెబుతున్నాడు.

"కడుపులో గడ్డండి. ఆలస్యంగా తెలిసింది."

అది గడ్డ కాదు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చిన క్యాన్సరు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆమె పేరు నేను రాయను. జబ్బు పేరు మాత్రం రాస్తాను. ఇది చదివే ఆడవాళ్ళకు అదే కావాలి.

మా ఆయనకు తోబుట్టువు ఆమె ఒక్కతే. తుని బజారులో కిరాణా కొట్టు వాళ్ళది. భర్త పోయాక కొట్టు తనే చూసుకుంది. కందిపప్పు చేటలో పోసి వెలుతురుకు పట్టి, రాయీ పురుగూ ఏరి గానీ అమ్మేది కాదు. "ఇక్కడే చూసుకోండి, ఇంటికెళ్ళాక నన్ననకండి" అనేది వచ్చినవాళ్ళతో. మా ఇంటికి వచ్చినా వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు తెరిచేది.

"ఏంటొదినా, మీ రాజమండ్రిలో పప్పులో రాళ్ళు బరువుకి కలుపుతారా, రుచికా?"

నాతో అలా మాట్లాడే ధైర్యం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఆమె వెళ్ళాక నేను ఆ పప్పు మళ్ళీ ఏరేదాన్ని.

ఒకసారి ఊళ్ళో ఆడవాళ్ళకు ఉచితంగా గర్భసంచి పరీక్షలు చేస్తున్నారని ఆరోగ్య కార్యకర్త కొట్టుకు వచ్చి పిలిచింది. మా ఆడపడుచు నవ్వి పంపేసింది. "ఆయన పోయి ఇన్నేళ్ళయింది, నాకా పరీక్షలెందుకమ్మా? అవి తిరిగే ఆడాళ్ళకి" అందట. ఆ సంగతి నాకు గొప్పగా చెప్పింది. అప్పటికి ఆమెకు ఏ బాధా లేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

తర్వాత కొంతకాలానికి రక్తం కనిపించింది. ముట్లు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయిన మనిషి ఏం చేయాలి? ఆమె చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటే పాటించింది. చాపా కంచం పట్టుకుని పెరటి వసారాలోకి వెళ్ళి బయట కూర్చుంది. దేవుడి గది వైపు చూడలేదు, కొట్టు గల్లాపెట్టె ముట్టలేదు. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఏంటండీ, మళ్ళీ పడుచుదనం వచ్చిందా?" అందట. కోడలూ నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

నాకు ఫోను చేసి గొంతు తగ్గించి చెప్పింది. "సిగ్గుగా ఉందొదినా, ఈ వయసులో మళ్ళీ ముట్టు."

"అది ముట్టు కాదు. డాక్టరుకి చూపించుకో" అన్నాను.

"దీనికి డాక్టరేంటి? నాలుగో రోజు తలంటు పోసుకుంటే సరి."

తలంటు పోసుకుంది. మడిగా దేవుడికి దీపం పెట్టుకుంది. మళ్ళీ కనిపిస్తే మళ్ళీ చాపేసుకుంది. ఏ సంగతినీ దాచలేదు. ఇంటిల్లిపాదీ చూస్తుండగానే వసారాలో కూర్చుంది. ఆచారం పాటిస్తున్న మనిషిని ఆస్పత్రికి పద అని ఎవరంటారు?

చివరికి నేనే వెళ్ళి బలవంతాన రాజమండ్రి తీసుకొచ్చాను. లేడీ డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"హెచ్‌పీవీ అని ఒక వైరస్ ఉంటుందమ్మా. భార్యాభర్తల కలయికలో అంటుకుంటుంది. చాలామందికి దానంతటదే పోతుంది. కొందరికి పోకుండా లోపలే ఉండిపోయి, ఏళ్ళు గడిచాక ఇలా మారుతుంది."

"ఆయన పోయి ఎన్నేళ్ళో అయిందండి" అంది మా ఆడపడుచు. "ఇప్పుడెలా అంటుకుంటుంది?"

"ఇప్పటిది కాదమ్మా. ఎప్పుడో అంటుకుంది. మీకు తెలియలేదు. ఆయనకీ తెలిసుండదు. పైకి ఏమీ కనబడదు."

"మా ఆయన అలాంటివారు కాదండి."

"నేనెవరినీ తప్పు పట్టట్లేదమ్మా. జన్మలో ఒక్కరితోనే కాపురం చేసినా రావచ్చు."

ఆ మాట ఆమె వినిపించుకోలేదు. ఆటోలో గోదావరి గట్టు మీదుగా ఇంటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "అడుగుదామంటే మనిషే లేడొదినా" అంది. ఆ తర్వాత భర్త ఊసు నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఆస్పత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టినన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది. ఇక పప్పు ఏరలేదు. డబ్బాలు తెరవలేదు.

డాక్టరు చెప్పిన ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకుంది. ఆడపిల్లలకు చిన్న వయసులోనే సూదిమందు వేయిస్తే ఈ వైరస్ చాలావరకు అంటుకోదు. ఆమెకు ఆరో తరగతి చదివే మనవరాలుంది. కొడుకు చూడటానికి వచ్చినప్పుడల్లా "పాపకి సూది వేయించావా?" అని అడిగేది. "వేయిస్తాంలే అమ్మా" అనేవాడు. చివరిసారి నేను చూడబోయినప్పుడు గొంతులోంచి మాట సరిగా రావడం లేదు. నా వైపు తిరిగి "పాపకి..." అని మాత్రం అంది.

పెద్ద కర్మ అయ్యాక వంటింట్లో అడిగాను. మేనల్లుడు తల దించుకున్నాడు. అతని భార్య చెప్పింది.

"మా పిల్ల బంగారమండి. దానికి అలాంటి జబ్బు సూదేంటండి? ఊళ్ళో తెలిస్తే రేపు సంబంధాలెలా వస్తాయి?"

"మీ అత్తగారు బంగారం కాదా?"

పొయ్యి మీద పాలు పొంగితే ఆ అమ్మాయి అటు తిరిగింది. "పెద్దదయ్యాక చూద్దాంలెండి అత్తయ్యా" అన్నాడు మేనల్లుడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చివరిదాకా ఆమెను పసిపిల్లలా చూసుకున్నారు.

నా జీవితమంతా కాలేజీ ఆఫీసులో లెక్కలు చూశాను. తేడా ఎక్కడ వచ్చిందో తేలేదాకా లేచేదాన్ని కాదు. ఇక్కడ వెతికితే తప్పు చేసిన మనిషి ఒక్కరూ దొరకడం లేదు. మనిషి మాత్రం పోయింది. మా మనవరాలికి నేను పక్కన నిలబడి సూది వేయించాను. దాంతో నాకు ఓదార్పేమీ కలగలేదు. ఆమె అడిగింది తన మనవరాలి గురించి.

పెద్ద కర్మ నాటి సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి మేనల్లుడూ పాపా హైవే దాకా వచ్చారు. రాజమండ్రి బస్సు అవతలి వైపు ఆగుతుంది. రోడ్డు దాటే ముందు అతను పాప మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నొప్పి నాన్నా" అందా పిల్ల. వదల్లేదు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఎటునుంచీ ఏ లారీ రావడం లేదు. అయినా అడుగు వెయ్యకుండా, పిల్లను వెనక్కి లాగి తన పక్కకు అదుముకుని, మళ్ళీ ఒకసారి చూశాడు.