పది రోజుల ఉత్తరం

బందరులో మా ఆఫీసు పాత కంప్యూటర్లు తీసేశాక, నేను రిటైరయ్యేదాకా వాడిన రకం థిన్ క్లయింట్ అనే చిన్న కంప్యూటరు ఒకటి పాతసామాన్ల కొట్లో కనిపిస్తే ఇంటికి తెచ్చుకున్నాను. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. ఆఫీసులో మా పనంతా సర్వర్‌లో ఉండేది, ఈ డబ్బాలో ఏమీ ఉండేది కాదు. అందుకే సాయంత్రం కాగానే గోడ స్విచ్చి కట్టేసి ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళం.

ఇంట్లో తోచక దానికి పెన్‌డ్రైవ్ మీంచి నడిచే చిన్న లినక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. అది మొత్తంగా మెమరీలోకి ఎక్కి కూర్చుంటుంది. రాసింది సేవ్ చేసినా మెమరీలోనే ఉంటుంది, కరెంటు ఆగితే చెరిగిపోతుంది. మెనూలోంచి పద్ధతిగా ఆపితేనే పెన్‌డ్రైవ్‌లోకి చేరుతుంది. ఈ సంగతి వీధిలో కనబడ్డవాళ్ళందరికీ పాఠం చెప్పింది నేనే.

మా ఆవిడకి చేతులు వణుకుతాయి, కలం నిలవదు. కీబోర్డయితే ఒక్కో అక్షరం నొక్కగలదు. దివిసీమలో అవనిగడ్డ దగ్గర ఉన్న తమ్ముడితో తనకి ఆరేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళమ్మగారి ప్రాణం పోయాక గాని కబురు చెయ్యలేదని కోపం. ఫోన్లో అయితే ఏడుపొచ్చేస్తుంది, ఉత్తరం రాస్తానంది. రోజూ డబ్బా ముందు కూర్చుని రెండు మూడు వాక్యాలు రాసేది. దీన్ని ఆపక్కర్లేదు, కరెంటు పెద్దగా తినదని గొప్పలు పోయి, పది రోజులూ ఆన్‌లోనే ఉంచాను. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆగలేదు.

పదకొండో రోజు గుడివాడలో పెళ్ళి. ఇంటికి తాళం వేసేముందు, ఆఫీసు అలవాటు చొప్పున నా చెయ్యి దానంతటదే గోడ స్విచ్చి కట్టేసింది. పామర్రు దాటాక గుర్తొచ్చింది. పెళ్ళిలో ఏం తిన్నానో నాకు తెలియదు.

తిరిగొచ్చి చూస్తే ఉత్తరం లేదు. జరిగింది మా ఆవిడకి చెప్పాను.

"మొత్తం పోయిందా?"

"మొత్తం. తప్పు నాదే. నువ్వు చెబుతుంటే నేను టైపు కొడతాను."

నా మొహం చూడకుండానే కుర్చీ లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలయ్యాక ఆగిపోయింది.

"మీకు చెబుతుంటే వాడిమీద చాడీలు చెబుతున్నట్టుందండీ. వాడికే చెప్తాను. అవనిగడ్డ బస్సు ఎన్నింటికి?"

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. దారి పొడుగునా తను పెదవులు కదుపుతూనే ఉంది. నాకు సిగ్గుగానూ ఉంది, భయంగానూ ఉంది. వాకిట్లో తమ్ముడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఉత్తరంలో ఏం రాసిందో గాని, తను అడిగింది ఒక్కటే.

"అమ్మ చివర్లో నాకోసం అడిగిందా రా?"

"అడిగిందక్కా. జబ్బు తగ్గిపోతుందిలే అనుకుని నీకు చెప్పలేదు. నువ్వు దార్లో ఉన్నావని అమ్మకి అబద్ధం చెప్పాను. తెల్లవార్లూ గుమ్మంకేసే చూసింది. ఆ మాట నీకెలా చెప్పను?"

అతను గడప మీద కూలబడ్డాడు. మా ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది.