ప్రెసిడెంటు నేనేనండీ

ఆడ సర్పంచులకు నోరుండదని మా స్టాఫ్ రూములో అందరూ తేల్చేస్తారు. నేనొప్పుకోను.

ఓసారి హనుమాన్ జంక్షన్ బస్సులో కండక్టరు ముందు సీటాయనతో "ప్రెసిడెంటు గారూ, నమస్కారం" అన్నాడు.

"ప్రెసిడెంటు నేనేనండీ. ఆయన మా ఆయన," అంది నా పక్కనున్నావిడ, నాకే వినబడేలా.

మర్నాడు గ్రామసభ. ఊళ్ళో వేసే కొత్త కుళాయిల్లో మొదటిది తమ వీధికేనని మొగుడు చెప్పేశాడట. సభలో ఆవిడ కాదనాలనుకుంటోందట.

"ఇంట్లో వినేవాళ్ళు లేరు. రేపు అనాల్సిన మాట కాస్త మీరు వింటారా?"

కొంగు నోటికడ్డం పెట్టుకుని గొణిగింది.

"కొంగు తీసి చెప్పండి, నాకే వినపడలా."

తీసింది. "మొదటి కుళాయి చివరి పేటకే!"

బస్సంతా తిరిగింది. మొగుడూ తిరిగాడు. ఆవిడ కొంగు మళ్ళీ ఎత్తుకోలేదు గానీ, ఊరు రాగానే మొగుడి వెనకే దిగిపోయింది.

ఆ దారిన ఒక్కదాన్నే వెళ్ళినప్పుడల్లా అడగాలనిపిస్తుంది: మర్నాడు సభలో ఆ మాట అన్నారాండీ?