నిప్పు రాలని మర

మా చిన్నాయిన నోరు విప్పడు కాబట్టి ఇది నేను రాసిపెట్టాల్సి వస్తోంది. మా నాయిన చేసిన చిన్న తుపాకికి ఆ నాసిరకం మరను ఎందుకు బిగించామో ఇప్పుడు ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే ఆయన బీడీ ముట్టించుకుని పక్కకు పోతాడు. తుపాకుల సంగతి తెలిసినవాళ్లు ఒకరిద్దరు మా ఇంటికి వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత మంచి కొయ్యపనికి ఇంత చెత్త మర ఎవరు పెట్టారని నవ్వి పోయారు. వాళ్లు నవ్వడంలో తప్పు లేదు. మా నాయినకు మంచి చెడ్డ తెలియదని అనుకుంటూ పోయారే, అదే నాకు మింగుడు పడలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడతాను. కానీ నారాయణఖేడ్ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదవడం నేర్చుకున్నాను. చెకుముకి మరను ఎలా చూసి తెచ్చుకోవాలో తెలుగులో రాసిన ఒక్క పేజీ నాకు అక్కడ కనబడలేదు. ఇదైనా ఉండనీ.

నాయిన వడ్రంగి. సిర్గాపూర్ దారిలో మాకు కొంచెం జొన్నచేను ఉండేది. అడవిపందులను బెదరగొట్టడానికి తాత నాటి నుంచి లైసెన్సు ఉన్న తుపాకి ఒకటి ఇంట్లో ఉండేది. గొట్టం నోట్లోంచి మందు కూరే పాతకాలపుది. దాని పక్కన చెకుముకి మర. ఆ మరలో గుర్రం అనే ఇనుప కొక్కెం చెకుముకి రాయిని పట్టుకుని ఉంటుంది. బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి గుంజి వదిలితే రాయి పోయి ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు కింది గిన్నెలో రాలుతాయి.

జొన్న కంకి పాలు పట్టే రోజుల్లో, మంచె ఎక్కేముందు నాయిన మందు పెట్టకుండా ఒట్టి మరను చేను వైపు తిప్పి కొట్టేవాడు. రవ్వలు రాలితే "రాయి పలికింది" అని నిచ్చెన ఎక్కేవాడు. దసరాకు కూడా అంతే. బాడిసె, ఉలులు, రంపం కడిగి బొట్లు పెట్టి, వాటి పక్కన తుపాకిని పెట్టేవాళ్లం. రాయి పలికాకే కొబ్బరికాయ కొట్టాలి. పలికించడం ఇంటి పెద్దవాడి పని. తాత తర్వాత అది మా నాయినకు వచ్చింది. మిగతా వడ్రంగుల ఇళ్లలో ఈ పద్ధతి ఉందో లేదో నాకు తెలియదు.

బోరు ఎండిపోయాక చేను కౌలుకు ఇచ్చాం. చేను కాయనివాడికి తుపాకి ఎందుకని నాయిన లైసెన్సు మళ్లీ రాయించుకోలేదు. తానే ఒక తువ్వాలలో చుట్టి తీసుకుపోయి స్టేషన్‌లో అప్పజెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. ఆ దసరాకు మాత్రం పనిముట్ల పక్కన ఆ చోటు ఖాళీగా ఉంటే, బొట్టు పెడుతున్న చెయ్యి అక్కడి దాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాత ఆయనే మూరెడు పొడవున ఒక చిన్న తుపాకి చెయ్యడం మొదలుపెట్టాడు. గొట్టానికి బదులు గట్టి ఇనుప కడ్డీ. అందులో రంధ్రం ఉండకూడదని స్టేషన్‌లో అడిగి తెలుసుకుని వచ్చాడు. మర మాత్రం నిజంది కావాలి, రాయి పలకాలి. జిట్రేగి చెక్కను నెలల తరబడి చెక్కి, గాజుపెంకుతో గీకి, నూనె పట్టించాడు. మర కూర్చునే చోటు మాత్రం తవ్వకుండా వదిలేశాడు. మర చేతికి వచ్చాకే దాని కొలతకు గూడు తవ్వాలి. ముందే తవ్వితే మరను గూటికి సరిపెట్టాల్సి వస్తుందని ఆయన లెక్క.

మర దొరకకముందే ఒక పొద్దున స్నానాల గది దగ్గర కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. సంగారెడ్డి దవాఖాన నుంచి తెచ్చాక మంచానికే అతుక్కుపోయాడు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోవడం వచ్చేసరికి వానాకాలం గడిచిపోయింది. అప్పుడు నన్ను పిలిచి, "మర దేవాలె బిడ్డా. దసరాకు నేనే కొట్టాలె" అన్నాడు. ఇంకేం అడగలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పనే.

పక్కింటామె ఫోన్‌లో వీడియోలు చూడమంది. చూశాను. అవి ఉరుకుతాయి, ఆపినచోట మసకగా ఉంటాయి. గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లీషు విజ్ఞానసర్వస్వంలో చెకుముకి మర బొమ్మ ఉంది, లోపలి స్ప్రింగులు విడదీసి మరీ వేశారు. దాన్ని కాగితం మీద గీసుకున్నాను. చదివినకొద్దీ నాకు అర్థమైంది ఇది. చిన్న తుపాకికి పెద్ద మర పెడితే మెడ దగ్గర చెక్కంతా పోయి విరుగుతుంది. ఉక్కు పలక ముఖం గట్టిపడి ఉండాలి, మెత్తటి ఇనుము మీద రాయి గీత పెడుతుంది తప్ప రవ్వ రాల్చదు. గుర్రాన్ని తోసే స్ప్రింగు బలంగా ఉండాలి. ఎడమవైపు బిగించే మరలు కూడా ఉంటాయని చదివి ఆశపడ్డాను. ఎడమ చేతివాడికి అది అనువు.

బీదర్‌లో పాత ఇనుప సామాను, ఇత్తడి సామాను అమ్మే దుకాణం ఒకటి ఉందని విని చిన్నాయినను వెంటబెట్టుకుని బస్సెక్కాను. చిన్నాయిన నాయినకు తమ్ముడు, ఆయనా వడ్రంగే. దారంతా నన్ను ఉడికిస్తూనే ఉన్నాడు.

"లైబ్రరీ పంతులమ్మా, నీ బుక్కుల బేరం జేసుడు గూడ రాసిండ్రా?"

"రాయలేదు. అందుకే నిన్ను తోల్కవోతున్న."

"నేనేం బేరం జేస్త? మీ చిన్నమ్మ ముందట ఉల్లిగడ్డ బేరమే చాతగాదు నాకు."

దుకాణదారు ముసలివాడు. మొదట కన్నడంలో "ఏన్ బేకు అక్కా?" అని ఏం కావాలో అడిగాడు. నా కాగితం విప్పగానే తెలుగులోకి మారి, "షోకా? నిప్పుకా?" అని అడిగాడు.

"నిప్పుకే" అన్నాను.

ఎడమవైపుది అడిగితే నవ్వాడు. "నా ఉమర్‌ల ఎన్నడు చూడలే అక్కా. ఎడమ చేతోళ్లు గూడ కుడిదే కొట్టిండ్రు."

సామాను కెలికి రెండు మరలు తీశాడు. ఒకటి పాతది, నల్లగా, అగ్గిపెట్టె కన్నా కొంచెం పొడుగు. గుర్రాన్ని గుంజి వదిలాడు. దుకాణం లోపలి చీకట్లో రవ్వలు జల్లుమన్నాయి. చిన్నాయిన "అబ్బ" అన్నాడు. రెండోది గోడకు తగిలించే అలంకారపు తుపాకులకు చేసే కొత్తది, ఇత్తడి పూతది, కొంచెం వెడల్పు. దాన్ని ఎంత కొట్టినా టప్పుమని చప్పుడు తప్ప ఏమీ లేదు.

నేను నల్లదాని గుర్రాన్ని బొటనవేలితో గుంజి చూశాను. మిషను స్ప్రింగులు మార్చీ మార్చీ నా వేళ్లకు ఆ బలం తెలుసు. సగం దాకా వచ్చి ఆగింది. రెండో చెయ్యి కూడా పెట్టాను. నేను ఏమనుకుంటున్నానో చిన్నాయినకు తెలిసిపోయింది.

"స్ప్రింగును జర ఆకురాయితోని గీకి పల్చగ జేద్దాం తియ్యి" అన్నాడు.

"పల్చగయితే రాయి ఉక్కును గట్టిగ గీరదు చిన్నాయినా. నిప్పు రాదు."

"గది గూడ బుక్కుల ఉన్నదా?"

"ఉన్నది."

దుకాణదారు కూడా అది నిజమేనన్నట్టు తల ఊపాడు. ఇంట్లో చూపించి వద్దనుకున్నది తిరిగి తెచ్చే షరతు మీద రెండూ ఇచ్చాడు. నిజానికి అలంకారపు మరను నేనెందుకు తెచ్చానో నాకే తెలియదు. నల్లదే తీసుకోవాలని అప్పటికే నిశ్చయించుకున్నాను.

నాయినను గోడకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. నల్ల మరను చిన్నాయిన కొట్టి చూపించాడు. రవ్వలు దుప్పటి మీద రాలితే నాయిన కళ్లు తడిశాయి. "పలికింది" అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. చిన్నాయిన మరను చెక్కకు ఆనించి పట్టుకుంటే, ఎడమ బొటనవేలు గుర్రం మీద పెట్టి గుంజాడు. అది కదలలేదు. మెడ నరాలు తేలాయి. చేతిని తొడకు తుడుచుకుని మళ్లీ పట్టాడు. మళ్లీ కదలలేదు.

"గదిటియ్యి" అన్నాడు ఇత్తడిదాన్ని చూపించి.

అది వచ్చింది. వణుకుతూ వెనక్కి వచ్చి టప్పున పడింది. రాయి పలకను గీరింది, నిప్పు లేదు.

"ఇదే పెట్టుండ్రి."

చిన్నాయిన లేచి నిలబడ్డాడు. "పాగల్ లేసిందానె అన్నా నీకు? గంత మంచి చెక్కకు గీ దొంగ మరనా? నేను తవ్వ."

"రాయి పలకదు నాయినా. ఉక్కు మెత్తది. నేను చదివిన" అన్నాను.

"చదివితివి బిడ్డా, మంచిగనే చదివినవ్. నల్లదాన్ని ఎవరు కొడ్తరు?"

"చిన్నాయిన కొడ్తడు."

"నేను బతికుంగనే?"

చిన్నాయిన తలకాయ దించుకున్నాడు.

"మీరు కొడుతుంటే మంచంల పండి చూస్తనా? పలకకుంటే పలకకపోనీ. నా చేతికొస్తది గదా" అన్నాడు నాయిన. చెక్కపనిలో వెంట్రుకంత సందు కనిపిస్తే తలుపు విప్పి మళ్లీ చేసే మనిషి ఆయన. ఆ మాట ఆయన నోటి నుంచి వింటానని అనుకోలేదు.

చిన్నాయిన అన్నం తినకుండా పోయాడు. మర్నాడు ఉలులు పట్టుకుని వచ్చాడు. నాయిన మంచం పక్కనే కూర్చుని గూడు తవ్వాడు. ఇత్తడి మర అంచు చుట్టూ గోరు దూరే సందు కూడా లేకుండా కూర్చుంది. నాయిన వేలితో తడిమి చూసి, "మంచిగొచ్చింది" అన్నాడు. చిన్నాయిన ఉలులు సర్దుకుని లేచాడు. బీదర్ పోయి నల్లమరను తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

దసరా నాడు నాయినకు తెల్లబట్టలు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి పనిముట్ల ముందుకు తెచ్చాం. తుపాకిని ఆయన ఒళ్లో పెట్టి నేను గట్టిగా పట్టుకున్నాను. గుర్రాన్ని గుంజి వదిలాడు. టప్పుమంది. రవ్వ లేదు. చిన్నాయిన చేతిలో కొబ్బరికాయ అట్లాగే ఉంది. రాయి పలకకుండా మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కాయ కొట్టలేదు. నాయిన మళ్లీ గుంజాడు. మళ్లీ మళ్లీ గుంజాడు. ఆపమని ఎవరం అంటాం? హారతి పళ్లెం పట్టుకున్న చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి వేలు జారిపోయింది.

"ఇగ గంతే. కాయ కొట్టు" అన్నాడు.

చిన్నాయిన కొట్టాడు. నాయినను మళ్లీ మంచం మీదికి చేర్చి దుప్పటి కప్పుతుంటే నా వైపు చూసి, "నువ్వు చెప్పినట్లే అయింది బిడ్డా" అన్నాడు. చదివింది నిజమైతే నాకు ఎప్పుడూ సంబరం. ఆ రోజు ఆ పుస్తకంలో ఉన్నదంతా తప్పయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ తుపాకిని ఆయన మళ్లీ అడగలేదు. ఎదురుగా కనబడకుండా దాని మీద బట్ట కప్పమన్నాడు. చలి ముదిరే సరికి పోయాడు.

ఏడాది మాసికం అయ్యాక చిన్నాయిన బీదర్ పోయి ఆ నల్లమరను పట్టుకొచ్చాడు. ముసలాయన అమ్మకుండా ఉంచాడట. "ఇగనన్న అసలుది బెడదాం. గూడు పెద్దగుంటది, అతుకు చెక్క ఏస్త. ఎవ్వలకు దెలుస్తది?" అన్నాడు. ఇప్పుడు ఇంటికి పెద్దవాడు ఆయనే.

నేను బట్ట తీసి ఇత్తడి మరను చూపించాను. మెత్తటి ఉక్కు పలక మీద, నాయిన గుంజి వదిలిన ప్రతిసారీ రాయి గీసిన గీతలు ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. పైవి లోతుగా ఉన్నాయి, కిందికి వచ్చేకొద్దీ సన్నబడ్డాయి. గట్టి ఉక్కయి ఉంటే రవ్వలు రాలి ఆరిపోయేవి, ఇన్ని గీతలు మిగిలేవి కావు. చిన్నాయిన వాటిని చూసి నల్లమరను జేబులో వేసుకున్నాడు. పోయిన దసరాకు మరను నువ్వు కొట్టమని నేను అడిగితే ఆయన కొట్టలేదు. కాయ మాత్రం కొట్టాడు.

పేర్లు రాయవద్దని చిన్నాయిన మాట తీసుకున్నాడు కాబట్టి, ఎవరెవరో వాళ్లకు తెలిసేలా రాస్తున్నాను. వేళ దాటినా బీరువా తాళం నా చేతికిచ్చిన గ్రంథాలయం అటెండరుకు, రెండు మరలూ నమ్మి చేతిలో పెట్టిన బీదర్ ముసలాయనకు, నాయిన ఎడమ చేతిని రోజూ పిసికి బొటనవేలిలో ఆ కాస్త సత్తువ తెచ్చిన దవాఖాన నర్సమ్మకు, హారతి ఆరిపోకుండా అంతసేపూ నిలబడ్డ చిన్నమ్మకు నేను రుణపడి ఉన్నాను. ఇష్టం లేని మరకు అంత చక్కని గూడు తవ్విన చిన్నాయినకు కూడా. ఆయన ఇది చదవడు. నేనే చదివి వినిపించాలి, ఆయన లేచి పోకుండా ఉంటే.