అటక ఉందా, లేదా?

సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు ‘అటక’ అనే మాటను రెండుసార్లు నేర్చుకోవాలి. ఇంట్లో నేర్చుకునే అటక తల మీద ఉంటుంది. పాత బొంతలు, చిల్లుపడ్డ బిందెలు, ఏడాదికోసారి దిగే ఇత్తడి సామాను అందులో పెడతారు. బళ్లో నేర్చుకునే అటక గుజరాతీది, అంటే ఇంటిపేరు. ఇక్కడి సర్కారు ఫారాలన్నింటిలో పేరు, తండ్రి పేరు, అటక అని మూడు గళ్లుంటాయి. నేను గుజరాతీ మీడియంలో చదివాను కాబట్టి రెండు అటకలూ నాకు బాగా తెలుసు. అంత బాగా తెలియడమే కొంప ముంచింది. తెలియనివాళ్లు ఉంటారన్న సంగతి ఆ మే నెలలో నాకు తట్టనే లేదు.

లాక్‌డౌన్ పెట్టి రెండు నెలలు కావస్తోంది. పల్సానా దగ్గర మరమగ్గాల కార్ఖానాలో నేను టైమాఫీసు గుమాస్తాను. హాజరు పట్టీ, పీఎఫ్ కాగితాలు, లేబర్ ఇన్‌స్పెక్టర్ అడిగే రిజిస్టర్లు, సర్కారు నుంచి ఏ కాగితం వచ్చినా నా బల్ల మీదికే వస్తుంది. మా నాన్న సలాబత్‌పురాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ‘సర్కారు ఆఫీసుకు పోతే చెప్పులూ ఓపికా రెండు జతలు తీసుకపోవాలె బిడ్డా’ అనేవాడు. నాకు చెప్పులున్నాయి గానీ ఓపిక ఒక జతకు కూడా చాలదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

సాంచెలు ఆగిపోయాక మా దగ్గర కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన కార్మికులు ముప్పై నాలుగు మంది గదుల్లో ఇరుక్కున్నారు. మా సేఠ్ మంచివాడే, రెండు బస్సులు మాట్లాడాడు. తెలంగాణ వైపు నుంచి రానిస్తామన్న కాగితం కూడా వచ్చింది. ఇక ఇటువైపు ఒక ఆఫీసులో పేర్ల జాబితా మీద ముద్ర పడాలి. ఆ ఆఫీసు ఏదో చెప్పను. ఎవరి మీదా చాడీలు చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. ముద్ర శనివారం లోపల పడకపోతే అటువైపు కాగితం చెల్లదు, అంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ముప్పై నాలుగు మందిలో ఒకడు మా జాబర్, అంటే సాంచె చెడిపోతే బాగుచేసేవాడు. భార్యను కాన్పుకు పుట్టింటికి పంపాడు. లాక్‌డౌన్ పెట్టిన వారానికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేసి పేరు పెట్టాలి. పిల్ల అమ్మమ్మ మొండికేసింది, తండ్రి రానిదే తొట్టెల వెయ్యనంది. నెలన్నర దాటిన పిల్ల పేరు లేకుండా ఉంది. ఒకరు ‘పొట్టిది’ అంటారు, ఒకరు ‘బుజ్జి’ అంటారు, పక్కింటివాళ్లు ‘సూరత్ పిల్ల’ అంటారు. రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి అతను అడిగేది ఒక్కటే.

“అక్కా, నా పేరొచ్చిందా లిస్టుల?”

ఫారాలు కార్ఖానా వాచ్‌మన్ చేత గదులకు పంపాను. ఫోన్లో అందరికీ ఒకే మాట చెప్పాను, సొంత తెలివి చూపించకుండా అడిగినదానికి అడిగినట్టు రాయండని. పాసు ఉన్న మా డ్రైవరు ఆ ఫారాలను నేరుగా ఆఫీసు కిటికీలో ఇచ్చి వచ్చాడు. నేను ఒక్కటీ చూడలేదు. అంత నమ్మకం నా మీద నాకు.

మూడు రోజులు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆల్థాన్‌లో మా ఇంటి నుంచి స్కూటీ మీద వెళ్లడం, పోలీసులు ఆపిన చోటల్లా పాసు చూపించడం, ఎండలో సున్నం గీసిన గుండ్రాల్లో నిలబడడం. కిటికీకి ప్లాస్టిక్ తెర కట్టారు. తెర వెనక మాస్కు గడ్డం కిందికి జారిన పెద్దమనిషి ఒకాయన. మొదటి రోజు ‘సాహెబ్ మీటింగ్ మా ఛే’ అన్నాడు, అధికారి మీటింగులో ఉన్నారని. రెండో రోజు ‘కాలె ఆవ్జో’ అన్నాడు. రేపు రమ్మని. మూడో రోజు, గురువారం, జాబితా నా చేతిలో పెట్టాడు. ముద్ర ఉంది. పేర్లు పదిహేడే ఉన్నాయి.

సగం మంది మాయం. ఒకటికి రెండుసార్లు చదివితే సంగతి అర్థమైంది. వేర్వేరు ఇంటిపేర్ల వాళ్లు పదిహేను మందీ బతికిపోయారు. మిగతా పంతొమ్మిది మంది ఒకే ఇంటిపేరు వాళ్లు, ఒకే ఊరి పాలివాళ్లు. వాళ్లలో ఇద్దరే మిగిలారు. జాబర్ లేడు.

“మిగిలినవి డూప్లికేట్లు బెన్, కంప్యూటర్ తీసుకోలేదు” అన్నాడు పెద్దమనిషి. బెన్ అంటే అక్క. నేను నమ్మలేదని ఫారాల కట్ట తెర కింద నుంచి నా వైపు తోశాడు.

మన ఆధార్ కార్డు మీద ఇంటిపేరు ముందుంటుంది. అక్కడి కంప్యూటర్ గడిలో ఒక్క మాటే పడుతుంది, మొదటి మాటే పేరనుకుంది. తండ్రి పేరు గడిలోనూ మొదటి మాట అదే ఇంటిపేరు. అంతవరకూ మా కష్టం నాకు పాతదే. బళ్లో పదేళ్లు టీచర్లు నన్ను మా ఇంటిపేరుతోనే పిలిచారు. ఆ ఇంటిపేరు ఒక వంటింటి సామాను, పిలిచినప్పుడల్లా ఒళ్లు మండేది. కొత్త కష్టం మూడో గడిలో ఉంది. అటక అన్న చోట పదకొండు మంది హిందీలో ‘హై’ అని రాశారు. ఎనిమిది మంది ‘నహీ’ అని రాశారు.

ఇంటిపేరు, మళ్లీ ఇంటిపేరు, ఉంది. ఇంటిపేరు, మళ్లీ ఇంటిపేరు, లేదు. కంప్యూటర్ తన ధర్మం తాను చేసింది. అటక ఉన్నవాణ్ని ఒకణ్ని, లేనివాణ్ని ఒకణ్ని ఉంచి మిగతా పదిహేడు మందినీ తీసేసింది.

గేటు బయటికొచ్చి కోపంగా జాబర్‌కు ఫోన్ చేశాను.

“ఏం రాసిండ్రు తమ్మీ మీరు?”

“నువ్వే గదక్కా, అడిగినట్టు రాయమన్నవ్. మాకు గుజరాతీ చదువరాదాయె. వాచ్‌మన్ చదివిండు, నామ్, బాప్ కా నామ్, అటక అని. రూముకు అటక ఉన్నోళ్లం ఉందని రాసినం, లేనోళ్లు లేదని రాసిండ్రు.”

“బస్సెక్కనీకి అటకెందుకు తమ్మీ!”

“మాకేమెర్క? రూముల జాగ ఎంతున్నదో చూసి క్వారంటైన్ ఈడ్నే పెడ్తరేమో అనుకున్నం. నేనైతే బొంతలు గూడ దించి అటక సాఫ్ చేసిన.” ఆ వెంటే అడిగాడు. “అయితే నా పేరొచ్చిందా అక్కా?”

రోడ్డు మీద నిలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. తప్పు అతనిది కాదు, వాచ్‌మన్‌ది కాదు. ఒక్క మాట చెప్పాల్సింది నేను. ఆడపిల్లకు పేరు లేకపోవడానికి ఒక కారణం నేనే అనిపించింది.

ఆ సాయంత్రమే పంతొమ్మిది ఫారాలూ నా చేత్తో మళ్లీ రాశాను. పేరు గడిలో పేరు, అటక గడిలో ఇంటిపేరు. వాళ్ల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఒక జాబితాగానూ రాశాను. శుక్రవారం పొద్దున కిటికీ తెరవకముందే గుండ్రంలో నిలబడ్డాను.

పెద్దమనిషి ఫారం చూశాడు, ఆధార్ చూశాడు. “నై చాలే, ఇది చెల్లదు. ఆధార్‌లో ఈ మాట ముందుంది, మీరు వెనక రాశారు. పేరు మారింది. పేరు మార్పుకు ఒక్కొక్కరూ నోటరీ అఫిడవిట్ తేవాలి.”

“నోటరీలందరూ ఇంట్లో కూర్చున్నారు కదండీ.”

“తెరిచాక తీసుకురండి.”

“ఆధార్‌లో ఉన్నట్టే రాస్తే?”

“డూప్లికేట్ అవుతుంది.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన పాపం దురుసు మనిషి కాదు, మాటకు ముందు బెన్, వెనక బెన్. అదే నన్ను మరింత మండించింది. మర్యాదగా మా ఫైలును అటకెక్కిస్తున్నాడు, నిజమైన తెలుగు అటక.

ఆయన వెనక గోడ మీద ఆ వారం డ్యూటీ బోర్డు ఉంది. పదకొండు పేర్లు, మగవాళ్లవన్నీ. గుజరాతీలు మగవాళ్ల పేరు చివర భాయి తగిలిస్తారు, తండ్రి పేరు చివరా తగిలిస్తారు. నాకున్న ఆ అరజత ఓపికా అప్పుడే తెగింది. గట్టిగా చదవడం మొదలుపెట్టాను. గుండ్రాల్లో ఉన్న జనమంతా విన్నారు.

“ఇదేంటండీ, మొదటాయనా భాయే, రెండో ఆయనా భాయే, మూడో ఆయన నాన్న కూడా భాయే! పదకొండు మందీ ఒక్కడే. డూప్లికేట్లు కొట్టెయ్యండి. ఒక్క భాయిని ఉంచి పదిమందిని ఇంటికి పంపండి.”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమనిషి మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. “అది పేరు కాదు బెన్. అది మర్యాద.”

“మాదీ పేరు కాదు. అది ఇల్లు. ముందు ఏ ఇంటివాళ్లమో చెప్పి, ఆ తర్వాత మనిషిని చెప్పుకుంటాం. మీరు మనిషిని చెప్పి వెనక ఇల్లు చెబుతారు. మీ ఇల్లు చివర ఉంటే చెల్లుతుంది, మా ఇల్లు ముందుంటే చెల్లదా?”

ఆ గొడవకు లోపలి గదిలోంచి అధికారిణి బయటికొచ్చింది. ముఖాన మాస్కు, దాని మీద ఇంకో ప్లాస్టిక్ తొడుగు, నిద్రలేని కళ్లు. “శు ఛే?” అంది, ఏమిటీ గోలని. నేను పాత ఫారాలూ కొత్త ఫారాలూ రెండూ చూపించాను. అటక అంటే మా భాషలో ఏమిటో చెప్పి, తల పైకి చెయ్యెత్తి చూపించాను. ‘హై’, ‘నహీ’ అన్న గళ్లు ఒక్కొక్కటే చూసింది. మూడో ఫారం దగ్గర భుజాలు కదిలాయి. ఆరో ఫారానికి బల్ల పట్టుకుని నవ్వుతోంది. ఆ రెండు నెలల్లో ఆ ఆఫీసులో ఎవరూ అలా నవ్వి ఉండరు.

నవ్వు ఆగాక, “వీళ్లలో ఎవరికి తొందర?” అని అడిగింది.

జాబర్ ఫారం తీసి పైన పెట్టాను. పేరు లేని పిల్ల సంగతి చెప్పాను. ఆమె నా జాబితా పైన, తన చేత్తో, గుజరాతీలో ఒక్క వాక్యం రాసింది. ‘ఈ మనుషుల ఆధార్‌లో మొదటి మాట అటక, తర్వాతి మాట పేరు అని చదువుకోవలెను.’ కింద సంతకం. పెద్దమనిషే ముద్ర కొట్టాడు. ఒకటి కాదు, ప్రతి పేజీకీ కొట్టాడు. చివరి పేజీ ఇస్తూ, “మీ నోరు మంచిది బెన్” అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తేల్చుకోకుండానే తీసుకున్నాను.

గెలిచాను. దాచుకోవడమెందుకు, ఆ రోజు స్కూటీ మీద ఆల్థాన్ దాకా పాట పాడుకుంటూ వచ్చాను. ఎందరో కలెక్టర్లు చెయ్యలేనిది చేసినంత గర్వం. ఆ వాక్యం తర్వాత చాలా దూరం పోయింది. సలాబత్‌పురా నుంచి, ఉధనా నుంచి మనవాళ్లు వచ్చి దాని జిరాక్సు అడిగేవాళ్లు. మరుసటి ఏడాది టీకా క్యాంపులో ఒకాయన జేబులోంచి నలిగిన జిరాక్సు తీసి నాకే చూపించాడు, ‘గీ కాయితం ఉంటె మన ఇంటిపేరు జోలికి రారక్కా’ అని.

శనివారం పొద్దున బస్సులు కార్ఖానా గేటు ముందు ఆగాయి. నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూస్తున్నారు. జాబితా పట్టుకుని పేర్లు పిలవడానికి ఒక కుర్రాడిలాంటి ఉద్యోగి వచ్చాడు. పైన రాసిన వాక్యం చదవలేదు కాబోలు, మొదటి మాట గట్టిగా పిలిచాడు. పంతొమ్మిది మంది ఒకేసారి చెయ్యెత్తి ‘హై’ అన్నారు. అప్పటికి ఆ కథ గదులన్నింటికీ పాకిపోయింది మరి. అతను బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను జాబితా తీసుకుని ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల పేరుతో పిలిచాను. జాబర్ అందరికన్నా ముందెక్కాడు. కిటికీ దగ్గర కూర్చుని, బస్సు కదిలేదాకా నాకు దండం పెడుతూనే ఉన్నాడు.

ఊళ్లో జాబర్‌ను పద్నాలుగు రోజులు బడి గదిలో ఉంచారట. రోజూ అత్తగారు పిల్లను తెచ్చి గేటు అవతల నిలబడి చూపించేది. పదిహేనో రోజు తొట్టెల కట్టారు. పొద్దున నాకు వీడియో కాల్ వచ్చింది. తెర నిండా పసుపురాసిన తొట్టెల తాడు, దాని వెనక జాబర్ ముఖం.

“అక్కా, మా దిక్కు తొట్టెల్ల ఏసి పేరు పిలిచేది మేనత్త. నాకు అక్కచెల్లెండ్లు లేరు. నువ్వే పిలువాలె.”

వంటింట్లో నిలబడి ఉన్నాను, చేతికి పిండి. “నేను మీ ఇంటిదాన్ని కాదుగదా తమ్మీ” అన్నాను.

“మా ఇల్లు ఏందో ఆ ఆఫీసుల చెప్పింది నువ్వే గదా” అన్నాడు.

వాళ్లనుకున్న పేరు నాకు వినిపించేలా చెప్పి, ఫోన్ పిల్ల చెవి దగ్గర పెట్టాడు. చెవి కనిపించింది, చిన్నది, మడత విప్పని ఆకులా ఉంది. ఆ పేరు మూడుసార్లు పిలిచాను. మూడోసారికి నా గొంతు నాకే వినిపించలేదు.

“గట్ల కాదక్కా, ఉత్త పేరే చెప్పినవ్. అటక గూడ చెప్పు. లేకుంటె రేపు ఇది బడికి పోతె కొట్టేస్తరు.”

కళ్లు తుడుచుకుని ఇంటిపేరు కూడా కలిపి, ఈసారి గట్టిగా పిలిచాను. తొట్టెల వెనక నుంచి బస్సులో పోయిన పాలివాళ్లు నలుగురైదుగురు ఒక్కసారే ‘హై’ అన్నారు.