వందనం లేని వాన కబురు

లిడియా నోటికి మొహమాటం తెలియదు. చిన్నప్పుడు సండే స్కూల్లో సాక్ష్యం చెప్పమంటే మిగతా పిల్లలు "ప్రభువు నామమున మీ అందరికీ వందనములు" అని మొదలుపెట్టి, సగం సేపు ఆ వందనాల్లోనే గడిపేసేవాళ్ళు. లిడియా లేచి నిలబడి "నాకు జ్వరమొచ్చింది, తగ్గింది" అని కూర్చునేది. ఊరి పాస్టర్ గారి కూతురైన వాళ్ళమ్మ రెబ్కా తల కొట్టుకునేది. పత్తి తీతలకీ మిరప కోతలకీ పోయి కూతుర్ని ఎంసీఏ దాకా చదివించింది గానీ, ఆ నోటిని మాత్రం మార్చలేకపోయింది.

ఆ నోటితోనే లిడియా గుంటూరులో ఒక ట్రస్టు ఆఫీసులో చేరింది. ప్రత్తిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. ట్రస్టు పెద్ద సాల్మన్ గారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. ఎవరు ఏ అవస్థలో ఎదురుపడినా చేతులు జోడించి వందనం చెప్పి, దాన్ని ఎవరైనా ఫొటో తీశారా అని పక్కకు చూసే మనిషి. ఆ పక్కచూపు కనపడినప్పుడల్లా లిడియాకు ఒళ్ళు మండేది.

ట్రస్టు చేసిన మంచి పని ఒకటుంది, కాదనకూడదు. మిరపకాయలు ఆరబోసే కల్లాల దగ్గర మైకు పెట్టెలు పెట్టించింది. వాన వచ్చేలా ఉంటే పెట్టె ముందే అరుస్తుంది, రైతులు పరుగెత్తి కాయల మీద పట్టాలు కప్పుకుంటారు. ఆ కబురు వాతావరణం చెప్పే ఒక వెబ్ సర్వీసు నుంచి ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా వస్తుంది. అంటే అలంకారం ఏమీ లేకుండా, ఏ ఊరు, ఏ వేళ, ఏం రాబోతోంది అని గుర్తుల మధ్య పెట్టిన వట్టి ముక్కలు. ట్రస్టు సర్వర్లో లిడియా రాసిన పేజీ వాటిని తీసుకుని, ఉన్నవి ఉన్నట్టుగా పెట్టెకు అందిస్తుంది. మొదట్లోనే వేరే అక్షరం తగిలితే పెట్టె ఇక చదవదు. నోరు మూసుకుంటుంది.

ఆ ఏడే రెబ్కా మొదటిసారి కౌలుకు తీసుకుని సొంతంగా మిరప వేసింది. పంటంతా ఊరి చివర కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. అప్పుడు మూగబోయాయి పెట్టెలు.

సిమ్ము పాడయిందన్నారు, సిగ్నల్ లేదన్నారు. లిడియా తన పేజీ తెరిచి చూసింది. పైన పూల తోరణం. దాని కింద "ప్రభువు నామమున వందనములు". దాని కింద సాల్మన్ గారు, భార్యా, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. వాన కబురు ఆ ఫొటో కాళ్ళ దగ్గరెక్కడో నలిగి పడుంది. సైటులో ప్రతి పేజీకీ ఆ తలకట్టు పెట్టమని డిజైనర్‌కు ఆయనే చెప్పాడట. లిడియా తన పేజీ వరకు దాన్ని పీకి పారేసింది. తెల్లారేసరికి డిజైనర్ దాన్ని మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

"నా ఫోన్లో చక్కగా కనపడుతోంది గదమ్మా!" అన్నాడు సాల్మన్ గారు.

"మీకు కళ్ళున్నాయి సార్. పెట్టెకు లేవు. దానికి ముందు ఏదీ అడ్డం రాకూడదు."

"దేవుడి పేరు అడ్డమా? పాస్టర్ గారి మనవరాలివి, ఆ మాట నీ నోటెట్లా వచ్చిందమ్మా?"

"దేవుడి పేరు కాదు సార్, దాని కింద మీ ఫొటో."

ఆయన మొహం మాడిపోయింది. "ఆదివారం దాతలొస్తున్నారు. ఈలోపు దాన్ని ముట్టుకుంటే నీకిక్కడ ఉద్యోగం ఉండదు" అన్నాడు. లిడియా నోరు మొదటిసారి మూతపడింది. జీతం లేకపోతే కౌలు భూమే లేదు మరి.

ఆదివారం సాయంత్రం దాతల సభ. ఫోన్లన్నీ ఆపించి, సాల్మన్ గారు ఆ పేజీనే పెద్ద తెర మీద వేయించాడు. తోరణం, వందనం, నవ్వు. చప్పట్లు. ఫొటో కింద చిన్న అక్షరాలు లిడియా ఒక్కతే చదివింది. ప్రత్తిపాడు. వాన. అరగంటలో.

బయటికి పరుగెత్తి అమ్మకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది. రెబ్కా ఆదివారం ప్రార్థనకని గుడిలో ఉంది. లోపల ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది లిడియాకు. ఆ ఛీ ఆయన మీద ఎంతో, నోరు మూసుకున్న తన మీదా అంతే.

సగం కల్లం తడిసిపోయింది. మర్నాడు పొద్దున తల్లీ కూతుళ్ళు తడికాయలు ఏరి పక్కకు పోశారు. రంగు పోయి, ముక్కిన వాసన. రెబ్కా ఏడవలేదు. మిగిలిన సగాన్ని ఎండకు పరిచింది. మధ్యాహ్నానికి మళ్ళీ మబ్బు పట్టింది. అప్పుడే కారు ఆగింది. సాల్మన్ గారు దిగాడు, వెనకే కెమెరా మనిషి. నష్టపోయిన వాళ్ళను ఓదార్చడానికట! ఆయన తడికాయల పక్కన, వెలుతురు మొహం మీద పడేలా సర్దుకుని నిలబడ్డాడు.

లిడియా బస్తా మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఈసారి ఎవర్నీ అడగలేదు. తోరణం తీసేసింది. వందనం తీసేసింది. ఫొటో తీసేసింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు ఆయన.

"మీ ఫొటో పీకేస్తున్నా సార్. ఉద్యోగం మీరే పెట్టుకోండి."

ఆయన జవాబిచ్చేలోపు స్తంభం మీద పెట్టె గరగరమంది.

"ప్రత్తిపాడు. వాన. పావుగంటలో."

అంతే. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. రెబ్కా అప్పటికే పట్టా దొర్లిస్తోంది. సాల్మన్ గారు కెమెరా వైపు ఒకసారి చూసి, అలవాటు కొద్దీ చేతులు జోడించాడు.

"రెబ్కమ్మా, ప్రభువు నామమున..."

పుట్టి బుద్ధెరిగాక ఆ పలకరింపుకు బదులు చెప్పకుండా ఉండని మనిషి రెబ్కా. ఈసారి తలెత్తలేదు.

"ముందు ఆ కొస పట్టుకోండయ్యా!" అంది.