ఎర్ర స్విచ్ మీద బొట్టు

మా అత్తమ్మ పోయింది. మొగుడంపల్లి అవతల ఒక కొట్టంలో బర్రెకు టీకా వేస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ కిందవడ్డది. జల్ది రా" అన్నాడు. పడిందని మాత్రమే చెప్పాడు. కానీ ఆ గొంతు విన్నాక ఇంక అడగడానికి నాకేమీ మిగల్లేదు. ఎంత తోలినా దారి తరగలేదు. నేను చేరేసరికి ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. పొద్దున నా బండికి బొట్టు పెట్టిన వేలికి కుంకుమ ఇంకా అట్లాగే ఉంది. ఆ వేలు పట్టుకుని కూర్చున్నాను. ఆమె చేతులు కడగడానికి వచ్చినవాళ్ళతో కొట్లాడాను కూడా. నా నోరు ఎట్లాంటిదో వాడకట్టుకంతా తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మీకు ఆమె తెలియదు. జహీరాబాద్ దాటితే ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. అల్లం చేనులో పని చేసిన మనిషి. ఎప్పుడు చూసినా కొంగుముడిలో ఒక అల్లం ముక్క ఉండేది. తలనొప్పికి అల్లం, కడుపునొప్పికి అల్లం, నేను అలిగితే అల్లం చాయ్. పెళ్ళైన కొత్తలో, నేను పశువుల దవాఖానలో అసిస్టెంటునని, గేరు బండి మీద ఊళ్ళు తిరగాలని తెలిసి చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆమె మాత్రం "కాళ్ళు అందుతయా?" అని ఒక్కటే అడిగింది. అందుతాయన్నాను. "ఇంకేం మరి" అంది.

అంతమాత్రాన ఆమెకు భయం లేదని కాదు. మా మామయ్య కొత్త స్కూటర్ తెచ్చిన రోజు ఆమె పుట్టింట్లో ఉందట. పూజ చేసేవాళ్ళు లేక ఆయన అట్లాగే బయటికి తీశాడు. కొద్ది రోజులకే బొంబాయి రోడ్డు మీద చెరుకు లారీ కింద పడ్డాడు. "బొట్టు వెట్టకుండ తీసిండు" అని ఆమె బతుకంతా అనుకుంటూనే ఉంది. ఆ తర్వాత జరిగింది చూడండి. ఏ బొట్టు పెట్టలేదని ఆమె కుమిలిపోయిందో, ఆ కుంకుమనే ఆమె ముట్టగూడదన్నారు. మొగుడు పోయిన మనిషి కదా, మంచి పనికి ముందుకు రాకూడదట!

నేను సొంత బండి కొన్న రోజు ఎదురింటామె కుంకుమ భరిణె పట్టుకుని వచ్చేసింది. "నువ్ జర పక్కకుండు వదినా, ముత్తైదువలు వెట్టాలె" అంది. అత్తమ్మ అప్పటికే తలుపు చాటుకు పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ భరిణె లాక్కున్నాను. "బండి నాది. మా అత్తమ్మనే పెడ్తది. లేకుంటే ఎవ్వరొద్దు" అన్నాను.

ఆమె బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, ముందు హెడ్‌లైటుకు పెట్టింది. తర్వాత ట్యాంకుకు, అద్దాలకు, చక్రాలకు. హ్యాండిల్ మీద కుడిచేతి వైపు ఎర్ర స్విచ్ కనబడితే ఆగింది.

"ఇదేందే?"

"ఇంజను బందువెట్టే స్విచ్ అత్తమ్మా."

"అయితే దీని పానం గీడనే ఉన్నట్టు" అని, దానికి అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా దాని మీదే పోసింది. ఆ రోజు మొదలు, నేను డ్యూటీకి బయల్దేరే ముందు ఆ స్విచ్‌కు ఒక బొట్టు పడాల్సిందే. ఇన్నేళ్ళూ పెట్టనివ్వని బొట్లన్నీ దానికే పెడుతోందని నేను ఎగతాళి చేసేదాన్ని. "నీకేం పోయింది" అనేది.

ఆమెకు నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ గుడి చూడాలని ఉండేది. బస్సెక్కితే పక్కనున్న కోహీర్ దాకా పోయినా వాంతులే. బండి మీద గాలి తగిలితే మాత్రం చిన్నపిల్ల. మా ఆయనకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. సరే, నేనే తీసుకుపోతానన్నాను. బండిని రైల్లో గోరఖ్‌పూర్ దాకా వేసుకుని, అక్కణ్ణుంచి సరిహద్దు దాటి నేపాల్‌లో పడ్డాం. కోడలి వెనక కూర్చుని దేశం దాటిన అత్త మా వైపు ఇంకొకామె ఉంటే చెప్పండి, వచ్చి దండం పెడతాను. పరాయి దేశంలో కూడా పొద్దున్నే బొట్టు తప్పలేదు.

ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారలుంటాయి. ఆ నీళ్ళు ముడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆమె ఒక్కొక్క ధార కిందా తల వంచుకుంటూ పోయింది. ఒక సీసా నింపుకొచ్చి, నేను వద్దనేలోపే హ్యాండిల్ మీద మొత్తం కుమ్మరించింది. "మనం తానం జేస్తిమి, దీనికి వద్దా?" అంది. నేను నవ్వాను. నవ్వకుండా ఆ సీసా గుంజుకుని ఉంటే ఈ కథే లేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు "తల పగులుతున్నదే" అంది. కొంగుముడి విప్పి అల్లం ముక్క నోట్లో వేసుకుంది. ఎండ అనుకున్నాను. గుడి ఊరు దాటి కొంచెం దిగామో లేదో, ఇంజను రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

హారన్ మోగుతోంది. లైటు వెలుగుతోంది. ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. కిక్కు కొట్టాను. ఫ్యూజు చూశాను, ప్లగ్గు విప్పి తుడిచాను. ఎర్ర స్విచ్ అటూ ఇటూ నొక్కాను, కొంచెం గరగరమంది. దుమ్మనుకుని వదిలేశాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పైనుంచి ఒక జీపు వచ్చింది. మనుషులు తలుపులకు వేలాడుతున్నారు, అది ఆగలేదు. పొద్దు అప్పటికే కొండ మీదికి వాలుతోంది.

రోడ్డు పక్క లాడ్జి నడిపే ఆమె బయటికి వచ్చింది. మా జహీరాబాద్ ఉర్దూ అక్కడ బాగానే పనికొచ్చింది. ఈ రాత్రికి ఇక్కడే పడుకోండి, పొద్దున కింద జోమ్‌సోమ్ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తాను అంది. అత్తమ్మ అప్పటికే అరుగు మీద ఒరిగిపోయింది. "జర పండుకుంట బిడ్డా. తగ్గుతది." ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. అల్లం నోట్లో ఉందనుకున్నాను. అల్లం ముక్క నేల మీద పడి ఉంది.

ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తాను.

"నోరు తెరువు అత్తమ్మా."

"నేనేమన్న బర్రెనా?"

"తెరువంటున్నగదా!"

చిగుళ్ళు నీలంగా ఉన్నాయి. గోళ్ళూ అంతే. నాకు వచ్చిన వైద్యం పశువులది. కానీ చిగురు నీలం తిరిగిందంటే ఊపిరి చాలడం లేదని అర్థం, అది బర్రెకైనా మనిషికైనా ఒక్కటే. లాడ్జి ఆమె కూడా ఆ గోళ్ళు చూసింది. అంతదాకా ఉండమన్న మనిషే, "ఈ ఎత్తులో గాలి చాలదు. ఈమెను పడుకోనీయకు. కిందికి తీసుకుపో, ఇప్పుడే" అంది.

ఎట్లా తీసుకుపోవాలి? ఇందాకటి జీపే ఆఖరిదట, ఇంజను చచ్చింది. కానీ అక్కణ్ణుంచి లోయ దాకా దారంతా దిగుడే. బ్రేకులున్నాయి. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. ఉంటే ఆమె రాత్రి దాటుతుందో లేదో, పోతే ఇద్దరం ఏ మలుపులో ఉంటామో. దేవుడి మీద కూడా కోపం వచ్చింది, నీ దగ్గరికే కదా వచ్చామని. నా చున్నీ, ఆమె శాలువా ముడేసి ఆమెను నా నడుముకు కట్టుకున్నాను. లాడ్జి ఆమె వెనక నుంచి ఒక్క తోపు తోసింది.

ఇంజను లేని బండి మీద కొండ దిగడం నేను ఇంకెప్పుడూ చేయను. టైర్ల కింద కంకర నలిగే చప్పుడు, గాలి, నా వీపు మీద ఆమె ఊపిరి. అంతే. ఆమె నిద్రపోకూడదు. మాట్లాడించాలి. భక్తి మాటలు నాకు రావు. మాకిద్దరికీ బాగా వచ్చింది కొట్లాటే.

"అత్తమ్మా, నీ పచ్చిపులుసు నాకు ఎన్నడు నచ్చలే!"

"...ఎందుకే?"

"నీళ్ళు! ఉత్త నీళ్ళు!"

"నీ పప్పు కంటె... నయమే."

"నీ కొడుకు కూడ గదే అంటడు!"

"వాడు... అనడు."

జవాబులు పొట్టిగా అవుతూ వచ్చాయి. ఒక మలుపులో కంకర మీద వెనక చక్రం జారింది. ఆమె బరువంతా లోయ వైపు వాలింది. కాలు నేలకు ఆనించి, బ్రేకు పట్టి, ఎట్లా నిలబెట్టానో నాకే తెలియదు. "అత్తమ్మా!" అన్నాను. పలకలేదు. "నీ కోడిపుంజు దొంగతనం వొయిందని ఎదురింటామెను తిట్టినవ్ గదా, అది కోసి వండింది నీ కొడుకే!" అన్నాను. అదీ పలకలేదు. నేను ఏడుస్తూ బ్రేకు వదిలాను. ఆ తర్వాతి మలుపులు నాకు గుర్తు లేవు. బ్రేకు కాలిన వాసన, నా నోట్లో ఉప్పు, అంతే గుర్తు.

ఎంత దిగామో. అడుగున నది కనబడుతుండగా వీపు మీద ఏదో కదిలింది.

"ఆ పుంజు... వాడే తిన్నడా?"

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "తిన్నడు. నేను గూడ తిన్న" అన్నాను. "దొంగ ముండలు" అంది. అంత తియ్యటి తిట్టు నేను మళ్ళీ వినలేదు.

లోయలోకి వచ్చేసరికి దారి చదునైంది. ఎదురుగాలి కొట్టి బండి ఆగిపోయింది. ఆమె కొంచెం తేరుకుంది గానీ గోళ్ళు ఇంకా తేటపడలేదు. దవాఖాన జోమ్‌సోమ్‌లో, ఇంకా దూరం. వెలుగు ఉన్నంతలోనే ఏదో ఒకటి చేయాలి. మళ్ళీ ఎర్ర స్విచ్ నొక్కాను. మళ్ళీ ఆ గరగర. ఈసారి స్క్రూ డ్రైవర్ తీసి కింది స్క్రూలు విప్పాను. రెండు చిప్పలు విడిపోయాయి.

లోపలంతా ఎర్రటి బురద. దాని కింద రాగి రేకుల మీద పచ్చటి చిలుము. కొబ్బరినీళ్ళు, కుంకుమ, ధారల నీళ్ళు, అన్నీ కలిసి గట్టిగా పేరుకుపోయాయి.

ఆమె నా భుజం మీదుగా చూసింది. మెల్లగా అంది: "గది నా కుంకుమనే గదా." ఇంకాసేపటికి, "అందుకే గావచ్చు ముట్టద్దంటరు" అంది.

కొండ మీద పడని దెబ్బ అక్కడ పడింది నాకు. చేతిలో స్క్రూ డ్రైవర్‌తోనే అరిచాను. "తప్పు నీళ్ళది అత్తమ్మా! ఎదురింటామె వోసినా గిట్లనే చిలుము వడ్తుండె! ముత్తైదువ నీళ్ళని అది చూస్తదా?"

ఎక్కడికి పోయినా బండికి ఉండే నా టీకాల సంచిలోని కత్తెరతో ఆ రెండు తీగలు కోశాను. పళ్ళతో ప్లాస్టిక్ ఒలిచి, స్విచ్‌తో పని లేకుండా రెంటినీ కలిపి మెలేశాను. మీద దూది, దాని మీద కట్టు ప్లాస్టర్. కిక్కు కొడితే ఇంజను అందుకుంది. దవాఖానలో ఆమె ముక్కుకు గొట్టం పెట్టి గాలి ఎక్కించారు. పైనే ఉంచి ఉంటే రాత్రి గడిచేది కాదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

ఆమె కోలుకుంది. కానీ బయల్దేరేనాడు బండి దగ్గరికే రాలేదు. కుంకుమ పొట్లం సంచి అడుగున దాచేసింది. "నేను వెట్ట. మల్ల నా చెయ్యి దానికి తగలనియ్య" అంది. మళ్ళీ ఆ తలుపు చాటుకే పోతోందని నాకు అర్థమైంది. ఇంత దూరం వచ్చి, చావును తప్పించుకుని, ఎదురింటామె మాటకే ఒప్పుకుంటుందా? నేను బండెక్కి కూర్చున్నాను. కదల్లేదు.

"తియ్యవే" అంది.

"బొట్టు లేకుండ ఎట్ల తియ్యాలె? మామయ్య తీసినట్టు తియ్యాల్నా?"

అనకూడని మాటే. ఆమె ముఖం తెల్లబోయింది. అప్పుడు చెప్పాను, "ఆ స్విచ్‌ల ఇప్పుడు ఏం లేదు అత్తమ్మా. తీగలు కలిపేసిన. దాన్ని కుంకుమల ముంచినా ఇంజను ఆగదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

వచ్చింది. ఎర్ర స్విచ్‌కే పెట్టింది. నేను ఇంజను స్టార్ట్ చేసి, ఆ స్విచ్‌ను టకటకా నొక్కి చూపించాను. ఆగలేదు. ఆమె ఇంకో బొట్టు పెట్టింది.

ఇంటికొచ్చాక మెకానిక్ కొత్త స్విచ్ వేస్తానన్నాడు. వద్దన్నాను. తీగల మీద గట్టి టేపు మాత్రం చుట్టించాను. తాళం తిప్పితే ఇంజను ఆగుతుంది, నాకు అది చాలు. అప్పటినుంచి నీళ్ళు పోయడం ఆమే మానేసింది. బొట్టు మాత్రం ఒక్క రోజు తప్పలేదు. ఎదురింటామె గేటు దగ్గర నిలబడి ఉంటే ఇంకొంచెం పెద్దగా పెట్టేది.

కర్మకాండ అయ్యాక మొన్ననే బండి తీశాను. ఆ చివరి పొద్దున పెట్టిన బొట్టు స్విచ్ మీద ఎండి అట్లాగే ఉంది. మొగుడంపల్లి దారిలో ఉన్నట్టుండి వాన పట్టింది. ముందు నేను చూసుకోలేదు. మణికట్టు మీద సన్నగా ఎర్రటి నీళ్ళు కనబడ్డాయి. గేరు తీసి, బండి పక్కకు ఆపి, రెండు చేతులూ ఆ స్విచ్ మీద మూసి పెట్టాను. పోతున్న ఆటో ఒకటి నెమ్మదించింది. "ఏమైందక్కా, బండి బందయిందా?" అని డ్రైవర్ అడిగాడు.

లేదని తల ఊపాను. ఇంజను నడుస్తూనే ఉంది. వాన ఆగేదాకా చేతులు తీయలేదు.